టెక్సాస్ కౌంటీలను గుంపులు కట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. కొత్త క్లినిక్‌లు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి టెక్సాస్‌లోని 254 కౌంటీలను (మన జిల్లాల్లాంటివి) జనాభాను బట్టి మెట్రో, చిన్న పట్నం, పల్లె అని మూడు గుంపులు చేసి ఇమ్మన్నారట. ప్రభుత్వ జాబితా ఉంది కదా, దింపుకుని అతికిస్తే సరిపోతుందని రాశావు. జాబితా ఉన్న మాట నిజమే. కానీ దాన్ని ఉన్నదున్నట్టు అతికిస్తే ఆ పట్టిక మీ వాళ్ళను తప్పు ఊళ్ళకు పంపుతుంది. ప్లానింగ్ ఆఫీసులో పనిచేసినంత కాలం నా చేతిలో ఇవే జాబితాలు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

జనాభా లెక్కలు ఇచ్చేది సెన్సస్ బ్యూరో. ఏ కౌంటీ ఏ గుంపులోకి వెళ్ళాలో ప్రకటించేది మాత్రం ఫెడరల్ ప్రభుత్వంలోని మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్ ఆఫీసు. 1950 జనగణన కోసం 1949లో మొదలైన పద్ధతి ఇది. చిన్న పట్నాల చుట్టూ కట్టే మైక్రోపాలిటన్ గుంపులు 2003లో గానీ రాలేదు.

గుంపు కట్టడం ఊరి నుంచి మొదలవుతుంది. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న జనావాసాన్ని సెన్సస్ వాళ్ళు అర్బన్ ఏరియాగా గుర్తిస్తారు. దానికి ఊరి పొలిమేరలతో, కౌంటీ గీతలతో పని లేదు. అలాంటి ఒక అర్బన్ ఏరియాలో 50,000 మందో అంతకన్నా ఎక్కువో ఉంటే దాని చుట్టూ కట్టేది మెట్రోపాలిటన్ ఏరియా. 10,000 నుంచి 50,000 లోపు ఉంటే మైక్రోపాలిటన్. ఆ అర్బన్ ఏరియా జనం ఏ కౌంటీలో తగినంత మంది ఉన్నారో అది సెంట్రల్ కౌంటీ. కౌంటీ జనంలో సగం మంది 10,000 దాటిన అర్బన్ ఏరియాల్లో ఉండాలి, లేదా అలాంటి ఒకే ఏరియాకు చెందిన 5,000 మందైనా ఆ కౌంటీలో ఉండాలి.

ఇక్కడిదాకా జనాభాదే పెత్తనం. ఆ తర్వాత జనాభాను పక్కన పెట్టేస్తారు. పక్క కౌంటీని కలపాలా వద్దా అన్నది రోజూ ఎవరు ఎక్కడికి పనికి వెళ్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్క కౌంటీలో ఉద్యోగాలు చేసేవాళ్ళలో నూటికి 25 మంది సెంట్రల్ కౌంటీల్లో పనిచేస్తుంటే దాన్ని కలుపుతారు. అక్కడి ఉద్యోగాల్లో 25 శాతం సెంట్రల్ కౌంటీల నుంచి వచ్చేవాళ్ళు చేస్తున్నా కలుపుతారు. ఆ కౌంటీలో 10 లక్షల మంది ఉన్నారా, 10 వేల మంది ఉన్నారా అని అడగరు. నీ పని మొత్తంలో గుర్తుంచుకోవాల్సింది ఇదే: గుంపు రకాన్ని తేల్చేది జనాభా, అందులో ఎవరుండాలో తేల్చేది ప్రయాణం.

నువ్వుండే చోటునే చూడు. డాలస్-ఫోర్ట్‌వర్త్-ఆర్లింగ్టన్ మెట్రోలో 11 కౌంటీలు ఉన్నాయి. 2020 జనగణనలో దాని జనాభా 76,37,387. అందులో డాలస్, టారంట్, కాలిన్, డెంటన్ అనే నాలుగు కౌంటీల్లోనే దాదాపు 67 లక్షల మంది ఉన్నారు. ఎల్లిస్, హంట్, కాఫ్‌మన్, రాక్‌వాల్, జాన్సన్, పార్కర్, వైజ్, ఈ ఏడూ కలిపితే 10 లక్షలు కూడా లేవు. అన్నిటికీ నీ పట్టికలో "మెట్రో" అని ఒకే ముద్ర పడుతుంది. ఫ్రిస్కోలో, ప్లేనోలో మనవాళ్ళ ఇళ్ళ మధ్య పెట్టే క్లినిక్, వైజ్ కౌంటీలో పశువుల మేత భూముల పక్కన పెట్టే క్లినిక్ ఒకే లెక్కన నడుస్తాయా? అందుకే ముద్ర పక్కన కౌంటీ సొంత జనాభా, చదరపు మైలుకు ఎంతమంది అన్నది, ఈ రెండు వరసలూ తప్పకుండా పెట్టు. అంత పెద్ద మెట్రోలను లోపల డివిజన్లుగా కూడా విడగొట్టారు. డాలస్ వైపు 7 కౌంటీలు ఒకటి, ఫోర్ట్‌వర్త్ వైపు 4 కౌంటీలు ఇంకొకటి. నీ పనికి డివిజన్ స్థాయే బాగా పనికొస్తుందని నా అభిప్రాయం.

పల్లె అన్న మూడో గుంపు దగ్గరే నాకు ఎక్కువ దిగులు. ఎల్ పాసో మెట్రోలో రెండు కౌంటీలు: ఎల్ పాసో, హడ్‌స్పెత్. హడ్‌స్పెత్ 4,500 చదరపు మైళ్ళు దాటిన ఎడారి నేల, 2020లో అక్కడ ఉన్నది 3,200 మంది చిల్లర. దాని ముఖ్య పట్నం సియెర్రా బ్లాంకా నుంచి ఎల్ పాసో దాదాపు 85 మైళ్ళు. కాగితం మీద వాళ్ళు మెట్రోవాసులు. నీ పట్టికలో హడ్‌స్పెత్ మెట్రో గుంపులోకి వెళ్ళిపోతే, అక్కడి ముసలావిడకు డాక్టరు అందుబాటులోనే ఉన్నాడని మీ ఆఫీసులో అందరూ నమ్మేస్తారు. ఇది టెక్సాస్‌కే పరిమితం కాదు. ఆరిజోనాలో గ్రాండ్ కాన్యన్ ఉన్న కోకోనినో కౌంటీ మొత్తం ఫ్లాగ్‌స్టాఫ్ మెట్రో. కౌంటీని ముక్కలు చేయకూడదన్నది ఈ పద్ధతిలో మొదటి నియమం. పడమటి రాష్ట్రాల్లో కౌంటీలు చాలా పెద్దవి కాబట్టి ఒక మూలన ఊరుంటే కొండలూ ఎడారీ అన్నీ దాంతోపాటే లెక్కలోకి వస్తాయి.

మెట్రో కానిదంతా పల్లె, మెట్రో అయినదంతా పట్నం అని రాయొద్దు. ఈ గుంపులు పట్నానికీ పల్లెకీ మధ్య గీత కావని బడ్జెట్ ఆఫీసే స్పష్టంగా చెబుతుంది. పట్నమా పల్లెనా అన్నది సెన్సస్ వాళ్ళు కౌంటీ కన్నా చాలా చిన్న బ్లాకుల స్థాయిలో విడిగా తేలుస్తారు. ఫెడరల్ ప్రభుత్వంలో గ్రామీణ ఆరోగ్యం చూసే విభాగం కూడా ఈ ఇబ్బంది తెలిసే, మెట్రో కౌంటీల లోపల ఉన్న పల్లె ప్రాంతాలను సెన్సస్ ట్రాక్టుల (కౌంటీ లోపల సెన్సస్ వాళ్ళు గీసిన చిన్న ప్రాంతాల) లెక్కన వెతికి గ్రామీణ జాబితాలో చేరుస్తుంది. మీది వైద్యం పని. నువ్వూ అలాగే చెయ్యి. ట్రాక్టుల సమాచారం తేవడానికి ఇంకొన్ని రోజులు పడతాయి, ఆ గడువు అడుగు. మొహమాటపడకు.

జనాభా హద్దు విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 50,000 అన్నది నడిమి అర్బన్ ఏరియాకు పెట్టిన హద్దు, గుంపు మొత్తానికి కాదు. నెవాడాలో కార్సన్ సిటీ 58 వేల మందితో మెట్రో అయింది. హవాయిలో హిలో ఉన్న పెద్ద దీవి 2 లక్షల మందితో కూడా మైక్రోగానే ఉంది, ఎందుకంటే అక్కడ జనం చెదురుమదురుగా ఉంటారు. కాబట్టి గుంపు మొత్తం జనాభా చూసి ఇది మెట్రో, ఇది మైక్రో అని నీ అంతట నువ్వు ఊహించొద్దు. ఈ 50,000 హద్దును లక్షకు పెంచుదామని 2021 జనవరిలో ఒక ప్రతిపాదన వచ్చింది. పెంచి ఉంటే 144 మెట్రోలు ఒక్కసారిగా మైక్రోలయ్యేవి. చిన్న నగరాల నుంచి అభ్యంతరాలు వెల్లువెత్తాయి, చివరికి 50,000 దగ్గరే ఆగింది. నిధులు పోతాయేమోనన్న భయమే అందుకు ముఖ్య కారణం. ముసలివాళ్ళకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్ ఆసుపత్రులకిచ్చే డబ్బు లెక్కగట్టడానికి వాడే వేతన సూచీ, ఇళ్ళ శాఖ లెక్కగట్టే న్యాయమైన అద్దె, ఇవన్నీ ఈ గుంపుల మీదే ఆధారపడ్డాయి మరి.

ఇక పట్టిక కట్టే పని. కౌంటీలను పేరుతో జతచేయకు, ప్రతి కౌంటీకీ ఉండే అయిదంకెల కోడ్‌తోనే చెయ్యి. టెక్సాస్‌లో ఇది మరీ ముఖ్యం. హ్యూస్టన్ నగరం చాలా వరకు హారిస్ కౌంటీలో ఉంది. హ్యూస్టన్ కౌంటీ అనేది తూర్పు టెక్సాస్‌లో వేరే ఉంది, దానికీ హ్యూస్టన్ మెట్రోకీ సంబంధం లేదు. ఆస్టిన్ నగరం ప్రధానంగా ట్రావిస్ కౌంటీలో ఉంటే, ఆస్టిన్ కౌంటీ వెళ్ళి హ్యూస్టన్ మెట్రోలో ఉంది. పేర్లు చూసి కలిపితే రెండు మెట్రోల లెక్కా పాడవుతుంది. కోడ్‌లో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తర్వాతి మూడు కౌంటీవి. డాలస్ కౌంటీ 48113. ఎక్సెల్‌లో ఆ వరసను టెక్స్ట్‌గా పెట్టుకో. టెక్సాస్ 48 కాబట్టి ఇప్పుడు ఇబ్బంది రాదు, రేపు కాలిఫోర్నియా చేయమన్నప్పుడు 06లోని సున్నా ఎగిరిపోతుంది.

రాష్ట్రం గీత దాటే గుంపులూ ఉన్నాయి. టెక్సార్కానా మెట్రోలో బోవీ కౌంటీ టెక్సాస్‌ది, మిల్లర్, లిటిల్ రివర్ ఆర్కాన్సావి. మెట్రో మొత్తాన్ని తెచ్చి టెక్సాస్ జనాభాలో కలిపితే పక్క రాష్ట్రం వాళ్ళు కూడా కలుస్తారు. ఎప్పుడూ కౌంటీల నుంచి పైకి కూడుకుంటూ రా. అన్నీ కలిపితే 2020కి 2,91,45,505 రావాలి. అది రాకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే. డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో, ఆస్టిన్, ఈ నాలుగు మెట్రోలే రాష్ట్రంలో మూడింట రెండు వంతులు ఉండాలి, అదీ సరిచూసుకో. అలాగే కంబైన్డ్ ఏరియా అని ఇంకో పెద్ద గుంపు కనిపిస్తుంది. పక్కపక్క మెట్రోలు, మైక్రోల మధ్య ఉద్యోగాల రాకపోకల శాతాలు రెండు వైపులా కలిపి 15కు చేరితే వాటిని కలిపి చూపిస్తారు. డాలస్ కంబైన్డ్ ఏరియాలో షెర్మన్-డెనిసన్ మెట్రో కూడా ఉంటుంది. దాన్నీ, మెట్రోలనీ ఒకే వరసలో కూడితే ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఏ గుంపులోనూ లేని కౌంటీలు కూడా మిగులుతాయి. కింగ్ కౌంటీలో 2020లో 265 మంది ఉన్నారు. చిన్నవి కదా అని తీసేయకు. వాటిని "గుంపుల బయట" అని విడిగా చూపించు.

మన దగ్గరి లెక్కతో దీన్ని పోల్చకు. 2011 జనగణన హైదరాబాద్ అర్బన్ అగ్లోమరేషన్‌కు 77 లక్షల పైచిలుకు చూపించింది. అది ఒకదానికొకటి ఆనుకుని పెరిగిన పట్నాలను కలిపి కట్టినది. జిల్లాలను మొత్తంగా తీసుకోలేదు, ఎవరు ఎక్కడికి పనికి వెళ్తున్నారో చూడలేదు. డాలస్, హైదరాబాద్ జనాభాలు దాదాపు సమానమని ఎవరైనా అంటే, ఆ రెండు అంకెలూ రెండు వేర్వేరు పద్ధతుల్లో వచ్చాయని చెప్పు.

చివరిది, ఏ సంవత్సరం జాబితా వాడావో పట్టిక మీదే రాయి. ఇప్పుడు వాడాల్సింది 2023 జులైలో వచ్చినది. అందులో ప్యూర్టోరికోతో కలిపి 393 మెట్రోలు, 542 మైక్రోలు ఉన్నాయి. దాని రాకపోకల లెక్కలు 2016 నుంచి 2020 వరకు జరిపిన సర్వేవి, అంటే ఎక్కువ భాగం కోవిడ్‌కు ముందువి. ఇంటి నుంచి పని చేసేవాళ్ళు పెరిగాక వచ్చిన మార్పు అందులో అంతగా కనిపించదు. పదేళ్ళ పెరుగుదల చూపించమంటే, 2010 జాబితాలోని మెట్రోనీ 2020 తర్వాతి మెట్రోనీ పక్కపక్కన పెట్టొద్దు. ఈ మధ్య కౌంటీలు వచ్చి చేరి ఉంటాయి, వెళ్ళిపోయి ఉంటాయి. ఇప్పటి జాబితాలోని కౌంటీలనే తీసుకుని వాటి 2010 జనాభాను మళ్ళీ కూడు. కనెటికట్ రాష్ట్రంలో ఏకంగా 8 కౌంటీలు పోయి 9 ప్లానింగ్ రీజియన్లు వచ్చాయి, ఆ రాష్ట్రం పని నీకొస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి.

ముందుగా ఎల్ పాసో, టెక్సార్కానా, డాలస్ మూడింటికే పట్టిక కట్టి పంపు. నేను చూసి చెప్పాక మిగతావి మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మావయ్య