ప్రశ్న అడిగిన కొడుకు దేశద్రోహి అవుతాడా?

ప్రశ్న: మావారికి యాభై రెండేళ్లు. దేశమంటే మొదటినుంచీ ప్రాణం. జాతీయగీతం వినిపిస్తే ఇంట్లో ఒక్కరే ఉన్నా లేచి నిలబడతారు, ఆ అలవాటు నాకూ ఇష్టమే. అయితే రెండేళ్లుగా రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్‌లో వీడియోలు చూస్తూ, పొద్దున లేవగానే ఎవరినో ఒకరిని తిడుతున్నారు. మొన్న భోజనాల దగ్గర పందొమ్మిదేళ్ల మా అబ్బాయి ప్రభుత్వ నిర్ణయాన్నొకదాన్ని తప్పుపడితే, ‘నా ఇంట్లో తింటూ దేశద్రోహపు మాటలా?’ అని సగం తిన్న కంచం తోసేసి లేచిపోయారు. ముప్ఫై ఏళ్ల స్నేహితుడు వేరే మతంవాడని ఆయన కూతురి పెళ్లి శుభలేఖ కవరు కూడా విప్పలేదు. ఇది దేశభక్తా, మరేదైనానా? నేనేం చేయాలి?

జవాబు: మీరు రాసినదాంట్లో రెండు వేరువేరు సంగతులున్నాయి. గీతానికి లేచి నిలబడటం, తన దేశపు క్రీడాకారులు గెలిస్తే కళ్లు చెమర్చడం, పుట్టిన నేలకు రుణపడి ఉన్నాననుకోవడం ఆరోగ్యకరమైన అభిమానమే. అది నిలబడటానికి ఎదురుగా ఒక శత్రువు అక్కర్లేదు. కంచం తోసేసిన క్షణంలో బయటపడింది మాత్రం వేరు. అక్కడ ప్రభుత్వం, దేశం, తాను అనే మూడూ ఆయన మనసులో ఒకటైపోయాయి కాబట్టే, ఒక నిర్ణయం మీద వచ్చిన విమర్శ ఆయనకు తన ఒంటిమీద దెబ్బలా తగిలింది.

ఈ గొడవ మీ ఇంటితో మొదలైంది కాదు. 1894లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారి మీద జర్మనీకి రహస్యాలు చేరవేశాడన్న నేరం మోపి, యావజ్జీవ శిక్ష వేసి, దూరాన ఉన్న డెవిల్స్ దీవికి పంపారు. రెండేళ్లకు పికార్ అనే మరో అధికారి అసలు దోషి ఎస్తర్‌హాజీ అని కనిపెట్టినా, సైన్యం పరువు పోతుందని పైవాళ్లు ఆ సంగతిని తొక్కిపెట్టారు. డ్రైఫస్ నేరాన్ని ఖాయం చేయడానికి ఆన్రీ అనే అధికారి దొంగపత్రం కూడా సృష్టించాడు. 1898లో ఆ మోసం బయటపడ్డాక సైతం, దేశం కోసమే చేశాడని అతన్ని మెచ్చుకున్నవాళ్లున్నారు. డ్రైఫస్ నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 1906 వచ్చింది. ఆ 1898లోనే కారన్ దాష్ అనే చిత్రకారుడు ఒక పత్రికలో రెండు బొమ్మలు వేశాడు: మొదటిదాంట్లో డ్రైఫస్ ఊసెత్తవద్దని ఇంటిపెద్ద చెబుతుంటే అందరూ భోజనాల బల్ల చుట్టూ బుద్ధిగా కూర్చుని ఉంటారు, రెండోదాంట్లో ఊసెత్తారు కాబట్టి ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటారు. ఫ్రాన్స్‌ను ప్రేమించినవాళ్లు ఆ రెండు పక్షాల్లోనూ ఉన్నారు. తప్పు ఒప్పుకుంటేనే దేశం పరువు నిలుస్తుందని ఒక పక్షం, ఒప్పుకుంటే పోతుందని రెండో పక్షం నమ్మాయి. దేశభక్తికీ, మీరడిగిన ఆ ‘మరేదైనా’కూ మధ్య గీత నాకు ఇక్కడే కనిపిస్తుంది.

అయితే నన్ను ఎక్కువ కలవరపెట్టింది కంచం కాదు, విప్పని కవరు. కొడుకు మీద కోపం వాడన్న మాటకు వచ్చింది. స్నేహితుడు ఏ మాటా అనలేదు, ఫలానా ఇంట పుట్టాడంతే. పుట్టుకను బట్టి విధేయతను శంకించడం మొదలైతే అది ఎంతదూరమైనా పోతుంది. 1942లో అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని ఇళ్లనుంచి తరలించి శిబిరాల్లో పెట్టింది. వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అది తప్పని ఒప్పుకుని, బతికున్నవారికి తలా 20,000 డాలర్ల పరిహారం ఇవ్వడానికి చట్టం వచ్చింది 1988లో.

ఇక మీరు చేయగలిగినది. వీడియోల్లోని సంగతుల మీద ఆయనతో వాదానికి దిగకండి. మీరు ఒకటి తప్పని రుజువు చేసేలోగా అవతలినుంచి పది వస్తాయి. దానికి బదులు, ఇద్దరే ఉన్నప్పుడు, రెండేళ్ల కిందట ఏం మారిందో నెమ్మదిగా అడగండి. ఉద్యోగంలో చిన్నచూపో, పిల్లవాడు చేతికందకుండా పోతున్నాడన్న దిగులో ఉన్న మనిషికి, నీవాళ్లే గొప్పవాళ్లని రాత్రంతా చెప్పే గొంతు ఊరటగానే ఉంటుంది. మీవారి విషయంలో అదే కారణమని ఉత్తరం చూసి తేల్చలేను గానీ, అడిగితే తెలుస్తుంది.

మీ అబ్బాయితోనూ మాట్లాడండి. వాడు నిర్ణయాన్ని తప్పుపట్టాడా, తండ్రి లేచి నిలబడటాన్ని కూడా వెక్కిరించాడా అన్నది మీరు రాయలేదు. ఆ వయసులో రెండూ కలిసే వస్తుంటాయి, రెండోది మానుకోమని చెప్పే హక్కు మీకుంది. ‘ద్రోహి’ అనే మాట మాత్రం ఈ ఇంట్లో ఎవరూ ఎవరినీ అనకూడదని మీవారికి స్పష్టంగా చెప్పండి. రాజకీయాల్లో ఆయన అభిప్రాయం ఆయనదే, దాన్ని మార్చుకోమని మీరు అడగటం లేదని కూడా చెప్పండి. ఒకవేళ ఆయన చెయ్యి చేసుకునేదాకా వస్తే మాత్రం సర్దుకుపోవద్దు, వెంటనే కుటుంబంలో ఆయన మాట వినే పెద్దవారిని కలుపుకోండి.

శుభలేఖ కవరు మీరే విప్పండి. ఆ పెళ్లికి మీరు వెళ్తున్నారని, తోడు వస్తే సంతోషమని ఒక్కసారి చెప్పి, కార్డును ఆయన రోజూ కూర్చునే చోట పెట్టండి. ఆయన రానంటే బతిమాలకండి. మీరు మాత్రం వెళ్లి రండి.