యూరోపా యూనివర్సాలిస్ 4: యుద్ధాలన్నీ గెలుస్తున్నా రాజ్యం ఎందుకు కూలుతోంది?

యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చారిత్రక వ్యూహాల కంప్యూటర్ గేమ్‌లో ఒట్టోమాన్లతో (టర్కీ సామ్రాజ్యంతో) ఆడుతూ ప్రతి యుద్ధం గెలుస్తున్నా ఆటలో 1500వ సంవత్సరం దాటేసరికి స్టెబిలిటీ (రాజ్య స్థిరత్వం) అట్టడుగున మైనస్ 3కి పడిపోయిందనీ, ఎటు చూసినా తిరుగుబాట్లేననీ, విస్తరణ ఆపేయాలా అనీ అడిగారు. ఆపక్కర్లేదు. కానీ ఎంత భూమి తీసుకోవాలో సైన్యాన్ని చూసి నిర్ణయించుకుంటున్నట్టున్నారు. ఒట్టోమాన్ల సైన్యం ఎప్పుడూ "ఇంకా తీసుకో" అనే చెబుతుంది. దాన్ని నమ్మే నేనూ ఒక ఆట పూర్తిగా పాడుచేసుకున్నాను.

ఈజిప్టు, సిరియాలను ఏలే మామ్లూకులను చిత్తుగా ఓడించి, సిరియాలోనూ ఈజిప్టులోనూ దొరికినంత రాసేసుకున్నాను. బాల్కన్లలో అంతకుముందు గెలిచినవే ఇంకా కోర్ (పూర్తిగా సొంతమైన భూమి) కాలేదు. పైగా సంధికి సరిగ్గా నెల ముందు అడ్మిన్ పాయింట్లన్నీ (పాలనా పనులకు ఖర్చుపెట్టే పాయింట్లు) పోసి టెక్నాలజీ కొన్నాను! ఓవర్‌ఎక్స్‌టెన్షన్ (కోర్ కాని భూమి ఎంత పేరుకుందో చూపే కొలత) నూరు శాతం దాటింది, దాంతో అశాంతి పెంచే ఈవెంట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడ్డాయి. తగ్గించాలంటే కోర్ చేయాలి, కోర్ చేయడానికి పాయింట్లు లేవు. నా సైన్యం తిరుగుబాటుదారుల వెంట పరుగులు పెడుతుంటే హంగరీ, ఆస్ట్రియా, వెనిస్ కూటమి కట్టి మీదపడ్డాయి.

అసలు లెక్క ఇది. నెలకు వచ్చే అడ్మిన్ పాయింట్లు 3, దానికి రాజు సామర్థ్యం, సలహాదారు స్థాయి కలుపుకోవాలి. రాజు 2, సలహాదారు 1 అయితే నెలకు 6, ఏడాదికి 72. కోర్ చేయడానికి ప్రావిన్సు అభివృద్ధిని కొలిచే డెవలప్‌మెంట్ ఒక్కోదానికి సుమారు 10 పాయింట్లు పడతాయి (ముందే క్లెయిమ్, అంటే ఆ భూమిపై హక్కు ప్రకటన ఉంటే తగ్గుతుంది). అంటే అలాంటి రాజు కింద ఏడాదికి ఏడు డెవలప్‌మెంట్ మాత్రమే అరుగుతుంది. టెక్నాలజీ, కొన్ని ఐడియాలు (రాజ్యానికి శాశ్వత లాభాలిచ్చేవి), స్టెబిలిటీ కూడా ఆ సంచిలోంచే రావాలి. అందుకే ఇప్పుడు సంధి షరతులు ఎంచుకునే తెర తెరిచే ముందు నేను చూసేది పాయింట్లనే.

పాయింట్లు చాలకపోయినా శత్రువును దెబ్బతీయాల్సి వస్తే ఆ భూమిని సామంతరాజ్యానికి ఇప్పిస్తాను. కోర్ ఖర్చు వాళ్లదే. పదేళ్ల తర్వాత డిప్లొమాటిక్ పాయింట్లతో కలిపేసుకోవచ్చు. మరీ మేపితే వాళ్లూ స్వాతంత్ర్యం అంటారు, అది వేరే తలనొప్పి.

కూటముల సంగతికొస్తే, ఎవరిదగ్గరైనా అగ్రెసివ్ ఎక్స్‌పాన్షన్ (మీ ఆక్రమణలపై వాళ్లకున్న కోపం) 50 చేరితే వాళ్లు చేరే ప్రమాదం ఉంది. అది మతాన్ని బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. ఈజిప్టును తీసుకుంటే హంగరీకి పెద్దగా పట్టదు. సెర్బియా, బోస్నియా, వలాకియాలను వరుసగా మింగితే మాత్రం ఊరుకోదు. కాబట్టి ఒకసారి బాల్కన్లు, తర్వాత తూర్పు, అలా దిక్కు మారుస్తూ ఉంటాను.

ఇప్పుడున్న ఆటను మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకండి, అందులో సరదా ఏముంది? కొత్త యుద్ధం పెట్టకుండా, బాగా మండుతున్న ప్రావిన్సుల్లో అటానమీ (స్థానిక స్వయంపాలన) పెంచండి. పన్ను తగ్గుతుంది, అశాంతి మాత్రం ఏకంగా 10 దిగుతుంది. వచ్చిన పాయింట్లను ముందు కోర్లకే పెట్టండి. ఓవర్‌ఎక్స్‌టెన్షన్ ఉన్నంతకాలం స్టెబిలిటీ కూడా ఖరీదెక్కుతుంది కనుక దాన్ని కోర్లు పూర్తయ్యాకే కొనండి. ఈలోగా దూతలను హంగరీ వైపు పంపి సంబంధాలు మెరుగుపరుస్తూ ఉండమనండి.