అత్యాచార బాధితురాలికి న్యాయం జరిగిందని కథలో ఎప్పుడు చెప్పగలం?

మీరు రాస్తున్న నవలలో ఒక అపరిచితుడు రాత్రివేళ దారికాచి పదహారేళ్ల అమ్మాయిపై అత్యాచారం చేస్తాడని, కేసు కోర్టులో నలుగుతుండగా ఆమె అన్న అతణ్ణి చంపేస్తాడని, అక్కడితో నవల ముగుస్తుందని చెప్పి, ఈ ముగింపు పాఠకులకు న్యాయంగా అనిపిస్తుందా అని అడిగారు. పాఠకులకు అనిపిస్తుంది. ఆ అమ్మాయికి అనిపిస్తుందని మాత్రం నేను చెప్పలేను. కోస్తాలోని ఒక జిల్లాలో, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింది కేసుల్లో సపోర్ట్ పర్సన్‌గా, అంటే ఫిర్యాదు నుంచి తీర్పు దాకా పిల్లల వెంట ఉండే మనిషిగా పనిచేస్తున్నాను కనుక, నేను చూసినదాన్ని బట్టే జవాబిస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు వదిలేస్తున్నాను.

ముందు నిందితుడి సంగతి. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వెలువరించే నివేదికల ప్రకారం, నమోదైన అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బంధువో, పొరుగువాడో, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడో. చీకట్లో మాటువేసిన అపరిచితుడైతే వాణ్ణి అసహ్యించుకోవడానికి ఊరంతా ఒక్కటవుతుంది, కాబట్టి కథకు అది సులువు. అదే సొంత బాబాయి అయితే ఊరి సంగతి అలా ఉంచండి, ఇల్లే రెండుగా చీలిపోతుంది. నానమ్మ అన్నం మానేస్తుంది. ‘వాడి బతుకు బుగ్గి చేస్తావా’ అని అందరూ అడిగేది ఆ పిల్లనే. అత్యాచారం రాజీకి వీలున్న నేరం కాకపోయినా పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చుంటారు, సాక్ష్యం చెప్పే రోజుకు కన్నతల్లే మాట మార్చేస్తుంది. బాధితురాలితో రాఖీ కట్టించుకోవాలని నిందితుడి బెయిలుకు మధ్యప్రదేశ్ హైకోర్టు పెట్టిన షరతును 2021 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, ఇలాంటి కేసుల్లో రాజీ గురించి గానీ పెళ్లి గురించి గానీ న్యాయమూర్తులు ప్రస్తావించకూడదని చెప్పవలసి వచ్చింది. పంచాయతీలో ఆ దుర్మార్గుడి చేతే తాళి కట్టించడాన్ని ధర్మంగా చూపించిన తెలుగు సినిమాలు చూస్తూ పెరిగిన తరం నాది. ఆ అరుగు మీద కూర్చునేవాళ్లూ అవి చూసినవాళ్లే.

ఇక కోర్టు. చార్జిషీటు దాఖలైన రెండు నెలల్లో విచారణ ముగియాలని చట్టం చెబుతుంది, కానీ వాయిదాల మీద వాయిదాలతో ఏళ్లు గడుస్తాయి. ఒక్కో వాయిదాకు సమన్లు పట్టుకుని యూనిఫాంలో కానిస్టేబుల్ వీధిలోకి వస్తాడు. బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని 1983లోనే చట్టం నేరంగా ప్రకటించింది, అయినా కోర్టు వరండాలో బంట్రోతు ఆ పేరునే మూడుసార్లు గొంతెత్తి పిలవడం నేను విన్నాను.

ఒక అమ్మాయి సాక్ష్యం చెప్పిన రోజు లక్క ముద్ర వేసిన సంచిని విప్పి, అందులోని చుడీదార్‌ను బల్ల మీద పరచి, ‘ఇది నీదేనా’ అని అడిగారు. అప్పటికే ఆ పిల్ల ఆ కొలత దాటి ఎదిగిపోయింది. చంక కింద ఊడిన కుట్టును వాళ్లమ్మ ఎప్పుడో వేరే రంగు దారంతో వేసింది. ఆ దారాన్ని వేలితో తడిమి చూసి ‘నాదే’ అంది. ఆ వెంటనే డిఫెన్స్ న్యాయవాది లేచి, పోలీసులకు ఆరున్నర అని చెప్పి ఇక్కడ ఏడు అంటున్నావేమిటని మొదలుపెట్టారు. బాధితురాలికి నిందితుడు కనపడకుండా తెర కట్టాలని, అతని తరఫు ప్రశ్నలను రాతపూర్వకంగా తీసుకుని న్యాయమూర్తే అడగాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. ఆ గదిలో తెర ఉంది, ప్రశ్నలు మాత్రం నేరుగా ఆమె మీదికే వచ్చాయి. మధ్యాహ్నం భోజన విరామంలో ఆ పిల్ల నన్ను అడిగింది ఒక్కటే: ‘జడ్జిగారు నా మాట నమ్మారా ఆంటీ?’ అతనికి ఎన్నేళ్లు శిక్ష పడుతుందని అడగలేదు.

అందుకే అన్న చేతి కత్తితో ముగిసే కథ నాకు భయం కలిగిస్తుంది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లిలో ఒక యువ పశువైద్యురాలి హత్యాచార కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపితే, జనం ఆ పోలీసుల మీద పూలు చల్లారు. అవి చంపాలన్న ఉద్దేశంతోనే జరిపిన కాల్పులని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్‌పూర్కర్ కమిషన్ తేల్చింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చేనాటికి జనం దృష్టి వేరేవైపు మళ్లిపోయింది. పూలు చల్లడం మనకు ఎవరు నేర్పారంటే నేను కథలనే వేలెత్తి చూపిస్తాను. కాల్పులు జరిగిన ఆ వారంలోనే ఒక తల్లి నాతో, ‘మా పిల్లను పాడుచేసినవాడు మోతుబరి కొడుకు, వాణ్ణి ఎవరు కాలుస్తారమ్మా?’ అంది.

నిందితులే పోలీసులైతే ఏం చేయాలి? విశాఖ మన్యంలోని వాకపల్లిలో, మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక దళం పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న పోలీసులందరినీ నిర్దోషులుగా వదిలేస్తూనే, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపి ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. దాదాపు పదహారేళ్లు తమ మాట మీద నిలబడిన ఆ స్త్రీల జీవితంలో రాయవలసింది ఎంత ఉందో ఆలోచించండి. ఏ అన్నా కత్తి పట్టని ఆ కాలమంతా వాళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు, పొలం పనులు చేసుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు.

అత్యాచార దృశ్యాన్ని పూర్తిగా వర్ణించాలా అని కూడా అడిగారు. అక్కర్లేదు. ఆమె ఒంటి మీద చూపు నిలిపి రాసిన ప్రతి వాక్యమూ చదివేవాణ్ణి నిందితుడి పక్కన నిలబెడుతుంది. అలాగే, ఆమెను ఆఖరికి బావిలోకి దూకించే అలవాటును దయచేసి మానుకోండి, ఎందుకంటే ఆ పుస్తకాన్ని అలాంటి పిల్ల కూడా చదువుతుంది.

ఈ కేసుల విచారణ తలుపులు మూసి జరుపుతారు కాబట్టి మిమ్మల్ని లోపలికి రానివ్వరు. బాధితురాలి పేరు తొలగించిన తీర్పులను చదవండి, హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో పనిచేసేవాళ్లతో మాట్లాడండి, కథ కోసమని బాధితురాళ్లను మాత్రం కదపకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నవల చివరి భాగమంతా అన్నదే. దాన్ని ఆ అమ్మాయికి ఇవ్వండి. విచారణ పూర్తయిన అత్యాచార కేసుల్లో శిక్ష పడేవి మూడో వంతు కూడా ఉండవు కనుక, నిందితుడు నిర్దోషిగా బయటికి వచ్చిన మర్నాడు అదే వీధిలో ఆమె కాలేజీకి ఎలా వెళ్లిందో కూడా మీరు రాయవలసి రావచ్చు.