బాప్తిస్మం ఇప్పుడా, వాడు అడిగినప్పుడా?

అమ్మాయీ,

నువ్వు ఫోను పెట్టేశాక రెండు రోజులు అదే ఆలోచన. మీ అమ్మ బాప్తిస్మం అంటోంది, మీ అత్తగారు అన్నప్రాశన అంటున్నారు, బాబుకు ఆరో నెల వచ్చేసింది. మధ్యలో నువ్వు "పెద్దయ్యాక వాడే ఎంచుకుంటాడులే పెద్దమ్మా" అని తేల్చేశావు. ఫోనులో చెబితే మీ అమ్మ పక్కనే నిలబడి వింటుంది, అందుకని రాస్తున్నాను.

దాచడం దేనికి, మీ ఇంటి వరకు ఆగమనే నా మాట. కానీ నువ్వు చెప్పిన కారణానికి కాదు.

మా పెద్దవాడి సంగతి నీకు సగమే తెలుసు. మనం ఒంగోలు బాప్టిస్టులం, మా మామగారిది గుంటూరు లూథరన్ కుటుంబం. ముందు విశ్వాసం, తర్వాత నీళ్లు అని మన పద్ధతి. దేవుని కృప బిడ్డకు తెలివి వచ్చేదాకా కాచుకుని కూర్చోదని వాళ్ల పద్ధతి. నేను కోడలిని, పైగా తొలి కాన్పు, నన్నెవరు అడుగుతారు? నలభయ్యో రోజున వాడికి తెల్ల లేసు గౌను తొడిగి గుడికి తీసుకువెళ్లాం. అయ్యగారు వాడి తల ఎడమ చేతిలో పెట్టుకుని మూడుసార్లు నీళ్లు పోశారు. మొదటిసారి వాడు కళ్లు చిట్లించాడు, రెండోసారి నాలుక చాపి నీళ్లు చప్పరించాడు, మూడోసారికి గుక్క పట్టాడు. మా నాన్న చివరి బల్ల మీద కూర్చుని అంతా చూశాడు. బయటికి వచ్చాక వేదాంతం ఒక్క ముక్క మాట్లాడలేదు. "తల తుడవండి, జలుబు చేస్తుంది" అన్నాడు, అంతే.

ఇరవై మూడేళ్లకు వాడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరి, అక్కడేదో సహవాసంలో కలిసి, తొట్టిలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. మా మామగారు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "అయితే ఆ రోజు అయ్యగారి చేతిలో పెట్టింది ఎవరిని?" అని నన్ను అడిగారు. లూథరన్లకైనా, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) వారికైనా, కథోలికులకైనా బాప్తిస్మం జీవితంలో ఒక్కసారే. పసితనంలో పోసిన నీళ్లను మనవాళ్లు లెక్కలో వేసుకోరు. 1970లో వేర్వేరు సంఘాలు కలిసి ఉత్తర భారత సంఘం (సీఎన్ఐ)గా ఏర్పడినప్పుడు పసివాళ్లకు ఇచ్చేదీ, పెద్దయ్యాక తీసుకునేదీ రెండూ చెల్లుతాయని పెద్దలంతా ఒప్పుకున్నారు. మా ఇంట్లో ఆ ఒప్పందం కుదరడానికి మామగారి చివరి సంవత్సరం దాకా పట్టింది.

మా అమ్మాయి పుట్టేనాటికి మేము ఒంగోలు వచ్చేశాం, కాబట్టి దాని బాప్తిస్మం ఆగింది. పదమూడో ఏట వేసవిలో వి.బి.ఎస్. (సెలవుల బైబిలు బడి) చివరి రోజున బాప్తిస్మం కావాలని చెయ్యెత్తేసింది. పాస్టరుగారు ఇంటికి వచ్చి ఒకే ప్రశ్న అడిగారు: "నీ పక్కన కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తకపోయినా నువ్వు ఎత్తేదానివా?" ఇది కాళ్లవైపు చూస్తూ నిలబడింది. "తొందరేమీ లేదమ్మా, తొట్టి ఎక్కడికీ పోదు" అని కాఫీ తాగి వెళ్లిపోయారు. పందొమ్మిదో ఏట, పరీక్షల మధ్యలో, తనంతట తానే వెళ్లి అడిగింది. రేపు మీ వాడు చెయ్యెత్తినా ఇదే ప్రశ్న అడుగు.

ఆగడమంటే విశ్వాసం తక్కువని మీ అమ్మ అనుకుంటోంది. దానికి మన ఇంటి కథే గుర్తు చెయ్యి. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని, వాళ్లలో మా ముత్తాత ఉన్నాడని చిన్నప్పటినుంచి విన్నదే కదా. దానికి ముందు జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. అది కరువు కాలం. మన ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని మనవాళ్లకు కూలి దొరికేలా చేశారు. కూలి ఇస్తున్నంతకాలం, ఎంతమంది వచ్చి అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని సహాయం పని ముగిసేదాకా ఆపారు. అంతమందిని ఆపి ఉంచడం వల్లనే ఆ రోజు ఏటి ఒడ్డున అంత రద్దీ. మీ బాబును ఆపితే కొంప మునగదు.

ఇక మీ ఇంటికి ప్రత్యేకంగా వర్తించేది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చే గుళ్లలో ప్రశ్నలు తల్లిదండ్రులను అడుగుతారు: సాతానును విసర్జిస్తున్నారా, క్రీస్తును విశ్వసిస్తున్నారా, బిడ్డను ఈ విశ్వాసంలో పెంచుతారా అని. అల్లుడు హిందువు. మంచివాడు, నీకోసం అన్నింటికీ "అవును" అంటాడు. దేవుని సన్నిధిలో నిలబెట్టి అతనితో అబద్ధం ఆడించి, దానికి బిడ్డ పేరు పెట్టడం నాకు నచ్చదు.

అతనికి తెలియకుండా మీ అమ్మ బాబును ఏ గుడికో ఎత్తుకుపోయి నీళ్లు పోయించే ప్రయత్నం చేస్తుందేమో, చెయ్యనివ్వకు. నవ్వకు, మా వీధిలో ఒక అమ్మమ్మ అదే పని చేసింది. చంటిదానికి టీకా అని చెప్పి తీసుకువెళ్లింది. ఆ ఇంట్లో అల్లుడు అత్తగారితో మాట్లాడి పన్నెండేళ్లయింది. కథోలికుల నియమాల్లోనైతే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలని రాసే ఉంటుంది.

మన ఇళ్లల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఇంకొకటి ఉంది. అల్లుడి వైపు ఎస్సీ సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలనూ వారి సంతానాన్నీ ఆంధ్రలో ఎస్సీలుగా కాక, వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గంలో లెక్కిస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టుకు వచ్చిన పుదుచ్చేరి కేసు చూడు. తల్లి క్రైస్తవురాలు, తండ్రి ఎస్సీ హిందువు అని చెప్పుకున్న ఒక మహిళ ఉద్యోగం కోసం సర్టిఫికెట్ అడిగింది. పుట్టిన రెండు నెలలలోపే ఆమెకు చర్చిలో బాప్తిస్మం అయింది. కోర్టు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఇవ్వనవసరం లేదంది. ఈ చట్టం న్యాయమని నేను అనను. కులం గుడి గడప దాకా వచ్చి ఆగిపోదని మనకంటే ఎవరికి తెలుసు! సర్టిఫికెట్ కోసం విశ్వాసం దాచమని కూడా చెప్పను. కానీ గుడి బాప్తిస్మం పుస్తకంలో పడే తేదీ వాడి బతుకు మీద పడుతుంది. వాడు తెలిసి, తూచుకుని తీసుకుంటే వాడి ధైర్యం. నువ్వూ మీ అమ్మా ఇప్పిస్తే వాడి తలరాత.

ఇప్పుడు నీ మీద కోపం. "వాడే ఎంచుకుంటాడు" అన్నావు, నువ్వు గుడికి వెళ్లి ఎన్నాళ్లయింది? ఖాళీ విస్తరి వేసి నీకిష్టమైనది తినమన్నట్టుంది నీ వరస. వాడిని ఆదివారం తీసుకువెళ్లు, సండే స్కూల్లో కూర్చోబెట్టు, రాత్రి పడుకునే ముందు వాడు వినేలా ప్రార్థన చెయ్యి. వాళ్ల నాయనమ్మ ఆమె కథలు ఆమె చెబుతుంది, చెప్పనివ్వు. ఎవరు ఎవరి దేవుణ్ణి వెక్కిరించినా వాడి ముందు మాత్రం ఊరుకోకండి. అన్నప్రాశనకు అడ్డుపడకు. పూజలో నువ్వు కూర్చోవాలా వద్దా అన్నది నీ మనస్సాక్షి, మీ అత్తగారికి ముందే మర్యాదగా చెప్పేసెయ్యి, పీటల మీద కాదు.

మీ అమ్మ ఊరుకోకపోతే శిశు ప్రతిష్ఠ పెట్టించు. హన్నా సమూయేలును తీసుకువెళ్లినట్టు, నీళ్లు లేవు, బాప్తిస్మం పుస్తకంలో పేరు ఎక్కదు. పాస్టరుగారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసి ఇస్తారు. అల్లుడు పక్కన ఊరికే నిలబడితే చాలు, అబద్ధం ఆడనక్కరలేదు.

మా పెద్దవాడి లేసు గౌను ట్రంకు పెట్టెలో ఉంది. కాస్త పసుపు పట్టింది, కలరా ఉండల వాసన వస్తోంది, ఉతికి ఎండలో వేశాను. నలభై రోజుల బిడ్డకు కుట్టించింది, మీవాడికి చంకల దగ్గర పట్టదు. ఛాతీ కొలత రాసి పంపు, పక్క కుట్లు విప్పిస్తాను.

మీ పెద్దమ్మ