రీట్ డబ్బులో డివిడెండ్ ఎంత, వడ్డీ ఎంత?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా, ఉండి మండలం. టీచరుగా రిటైరయ్యాను. పెన్షన్ ఏడాదికి 5.40 లక్షలు. ఒక ఎకరం వరికి కౌలుకిచ్చాను, 50 వేలు వస్తుంది. ఇంకో ఎకరం చేపల చెరువుకు లీజుకిచ్చాను, 60 వేలు. మా అబ్బాయి చెబితే ఒక రీట్‌లో 350 రూపాయల చొప్పున 1,000 యూనిట్లు కొన్నాను. 2025-26లో యూనిట్‌కు 20 రూపాయల లెక్కన 20 వేలు రావాలి, 19,200 వచ్చాయి. డివిడెండ్‌కు పన్ను లేదన్నారు కదా, 800 ఎందుకు కోశారు? హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయీ అన్నే యూనిట్లు కొన్నాడు. వాడికీ ఇదే లెక్కా?

జవాబు: టీచర్ గారూ, ముందు టెన్షన్ వదిలేయండి. కొత్త పన్ను విధానంలో మీకు పన్నేమీ పడదు, ఆ 800 వెనక్కి వస్తుంది. రిటర్న్ వేస్తేనే వస్తుంది. మీ అబ్బాయి లెక్క మాత్రం వేరు.

రీట్ (రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్ట్) అంటే పెద్ద పెద్ద ఆఫీసు భవనాలు, మాల్స్‌ను తన చేతిలో ఉంచుకుని అద్దెకిచ్చే ట్రస్ట్. వాటి అద్దెల మీద మిగిలే డబ్బులో కనీసం 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకు పంచాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. వచ్చే ప్రతి రూపాయినీ జనం డివిడెండ్ అనేస్తారు. మీరు జతచేసిన స్టేట్‌మెంట్ చూడండి, 20 రూపాయల్లో 8 వడ్డీ, 7 డివిడెండ్, 5 అప్పు తిరిగి చెల్లింపు. భవనాలు చాలావరకు ట్రస్ట్ కింద ఉండే కంపెనీల పేరున ఉంటాయి. ట్రస్ట్ వాటికి అప్పిస్తుంది, వాటిలో వాటాలూ ఉంచుకుంటుంది. అద్దె డబ్బే కొంత వడ్డీగా, కొంత డివిడెండ్‌గా, కొంత అప్పు తిరిగి చెల్లింపుగా పైకి వచ్చి మీకు చేరుతుంది.

ఈ తేడా మీకు కొత్తేమీ కాదు. రెండెకరాలూ మీవే, రెంటి మీదా డబ్బు వస్తోంది. వరి కౌలు వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. చేపల పెంపకం పన్ను చట్టం దృష్టిలో వ్యవసాయం కాదు, అందుకే చెరువు లీజు పన్ను లెక్కలోకి వస్తుంది. రీట్‌లో వడ్డీ మీ చెరువు లాంటిది, మీ స్లాబు ప్రకారం పన్ను. దాని మీదే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసే పన్ను) కోశారు. 8,000 మీద 800. డివిడెండ్ 7,000 మీ వరి కౌలు లాంటిది, పన్ను లేదు, టీడీఎస్ కూడా కోయలేదు.

అయితే ఈ డివిడెండ్ మినహాయింపు శాశ్వతం అనుకోకండి. కింద ఉన్న కంపెనీ 22 శాతం రాయితీ పన్ను రేటును ఎంచుకోకపోతేనే అది దక్కుతుంది. ఎంచుకుంటే డివిడెండ్‌కూ మీరు స్లాబు ప్రకారం కట్టాలి, టీడీఎస్ కూడా పడుతుంది. కంపెనీ ఒకసారి అటు వెళ్తే తిరిగి రాలేదు. కాబట్టి ‘రీట్ డివిడెండ్‌కు పన్ను లేదు’ అని ఎవరైనా గంపగుత్తగా చెబితే నమ్మొద్దు. ఏటా స్టేట్‌మెంట్ చూడాల్సిందే.

మూడోది, 5,000 అప్పు చెల్లింపు. చాలామంది పొరబడేది ఇక్కడే. దీనికి ఇప్పుడు పన్ను లేదు. పన్ను లెక్కలో ఇది మీ అసలు కొంత తిరిగొచ్చినట్టు, కాబట్టి మీరు కొన్న ధర 350 నుంచి 345కి తగ్గుతుంది. ఇలాగే ఐదేళ్లు వస్తే 325 అవుతుంది. అప్పుడు 400కి అమ్మితే లాభం యూనిట్‌కు 50 కాదు, 75. మొత్తం 75 వేలు. ఏడాది దాటాక అమ్మితే దీర్ఘకాలిక లాభం కింద 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. ఏడాదిలోపు అమ్మితే 20 శాతం. 2024 జూలై 23కి ముందు ఈ గడువు మూడేళ్లుండేది, పాత వ్యాసాలు చదివి కంగారుపడకండి. ఒక యూనిట్ మీద ఇలా తిరిగొచ్చిన మొత్తం ట్రస్ట్ మొదట జారీ చేసిన ధరను దాటితే మాత్రం, ఆ దాటినదానికి స్లాబు ప్రకారం పన్ను పడుతుంది.

ఇప్పుడు మీ లెక్క. పెన్షన్‌లో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోతే 4.65 లక్షలు. చెరువు 60 వేలు, రీట్ వడ్డీ 8 వేలు కలిపితే 5.33 లక్షలు. వరి కౌలుకు పన్ను లేకపోయినా, 5 వేలు దాటింది కాబట్టి మిగతా ఆదాయానికి పన్ను రేటు తేల్చే లెక్కలో దాన్నీ కలపాలి. అయినా మీ ఆదాయం 12 లక్షల లోపే, పడే కొద్ది పన్నూ రిబేటు (పన్ను తగ్గింపు)లో పోతుంది. రిటర్న్ మాత్రం ఐటీఆర్-1లో వేయకండి. పెన్షనర్లు అలవాటుగా అదే వేస్తారు. 5 వేలు దాటిన వ్యవసాయ ఆదాయం ఉన్నవాళ్లు అందులో వేయకూడదు, రీట్ ఆదాయం చూపించే షెడ్యూల్ కూడా అందులో లేదు. మీకు కావలసింది ఐటీఆర్-2. వేసేముందు, మీ పేరున కోసిన పన్నులు చూపే ఫారం 26ఏఎస్‌లో ఆ 800 కనబడుతోందో లేదో చూసుకోండి.

మీ అబ్బాయి 30 శాతం స్లాబులో ఉంటే 8,000 వడ్డీ మీద సెస్సుతో కలిపి 2,496 కట్టాలి. కోసింది 800, ఇంకా 1,696 బాకీ. టీడీఎస్ కోశారు కదా, పని అయిపోయిందనుకుంటే తర్వాత నోటీసు రావచ్చు. తనలాంటి వాళ్లు రీట్ ఎంచుకునేటప్పుడు మొత్తం 20 రూపాయలు కాదు, అందులో వడ్డీ ఎంతో ముందు చూడాలని నా అభిప్రాయం.

ఇద్దరూ ఒక పని తప్పకుండా చేయండి. ప్రతిసారీ ట్రస్ట్ పంపే విభజన కాగితాన్ని పట్టాదారు పాస్‌బుక్కు పెట్టుకున్నంత జాగ్రత్తగా ఒక ఫైల్లో పెట్టండి. ఏ పదేళ్లకో అమ్మేటప్పుడు, కొన్న ధరలోంచి ఎంత తీసేయాలో చెప్పేది ఆ కాగితాలే.