ఎం.పి.హెచ్.లో ఏం నేర్పుతారు? ఉద్దానం సర్వేలో పనిచేసిన అనుభవంతో నా సమాధానం

బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసిన మీ చెల్లెలిని ఎం.పి.హెచ్.లో (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, అంటే ప్రజారోగ్యంలో పీజీ) చేర్పించవచ్చా, విశ్వవిద్యాలయాల్లోని ప్రజారోగ్య విభాగాల్లో అసలు ఏం నేర్పుతారు, డాక్టర్లూ ఆసుపత్రులూ ఉండగా ఈ చదువుతో పనేమిటి అని మీరు అడిగారు. నాది శ్రీకాకుళం జిల్లా సోంపేట ప్రాంతం. డిగ్రీ తరువాత ఉద్దానంలో జరిగిన ఒక కిడ్నీ వ్యాధి సర్వేలో ఇంటింటికీ తిరిగే ఉద్యోగం కొన్ని నెలలు చేసి, ఆ తరువాతే ఎం.పి.హెచ్.లో చేరాను. అందువల్ల నాకు తెలిసినది ఊళ్ల వైపు నుంచే చెప్పగలను.

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలతో నిండిన ప్రాంతాన్ని ఉద్దానం అంటారని మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడ మధుమేహం గానీ, చాలాకాలంగా రక్తపోటు గానీ లేని రైతులకూ కూలీలకూ మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతుల్లోనూ, ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల చెరకు కూలీల్లోనూ ఇటువంటి వ్యాధే కనిపించింది. మామూలు కిడ్నీ జబ్బుల్లో మూత్రంలో ప్రొటీన్ పోవడం ముందుగా హెచ్చరిస్తుంది. ఈ వ్యాధిలో అది తొలిదశలో స్వల్పంగానే ఉంటుంది, ఒళ్లు వాపులూ తొందరగా రావు. మనిషి తోటపని చేసుకుంటూనే ఉంటాడు, విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కె.జి.హెచ్.కు చేరేసరికి, మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో చాలా పెరిగిపోయి ఉంటుంది.

ఆసుపత్రి రిజిస్టరులో అక్కడికి వచ్చినవారి లెక్కే ఉంటుంది. చిన్నప్పటి భిన్నాల లెక్కల్లో చెప్పాలంటే అది లవం మాత్రమే. ఆ రోగులు ఎంతమందిలో ఇంతమంది అన్న హారం ఊళ్లలో ఉంటుంది, దాన్ని వెతుక్కుంటూ వెళ్లాల్సిందే. ఉద్దానంలో పద్ధతి ప్రకారం జరిగిన సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి లక్షణాలు బయటపడ్డాయి. ఆసుపత్రిలో ఎంత అనుభవజ్ఞుడైన వైద్యుడు కూర్చున్నా, ఆ కుర్చీలోంచి ఈ సంఖ్య కనిపించదు.

ఆ హారం ఎంత సులభంగా పాడవుతుందో నా తప్పుతోనే చెబుతాను. ఊళ్లోని ఇళ్లన్నిటి జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఎంపికచేసిన ఇళ్లు మాకు ఇచ్చేవారు. మొదటి వారంలోనే నాకు తాళం వేసిన ఇళ్లు వరుసగా తగిలాయి. ఎండలో నిలబడే ఓపిక లేక, పక్కింటివారు మర్యాదగా పిలిచి మజ్జిగ ఇస్తే, వాళ్లనే జాబితాలో రాసుకుని రక్తం తీయించేశాను. అలా పదకొండు ఇళ్లు అయ్యాక మా సూపర్‌వైజరు మేడమ్ కాగితాలు తిరగేసి, “తాళం ఎందుకు వేసి ఉందో అడిగారా?” అన్నారు. అడగలేదు. మర్నాడు ఆమెతో కలిసి అవే ఇళ్లకు మళ్లీ వెళ్లాం. కొన్ని కుటుంబాలు చెన్నైకి వలస పోయాయి. రెండు ఇళ్లవాళ్లు పొద్దున్నే జీడితోటకు వెళ్లి, చీకటి పడ్డాక వస్తారు. ఒక ఇంటి పెద్దాయనను డయాలిసిస్‌కు తీసుకెళ్లారు, ఇల్లంతా ఆయన వెంటే ఉంది. పగలు ఇంట్లో దొరికినవారినే లెక్కలోకి తీసుకుంటే, ఎండలో పనిచేసేవారూ, జబ్బు ముదిరినవారూ ఇద్దరూ జారిపోతారని నాకు అప్పుడు అర్థమైంది. వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి, అప్పటికీ దొరక్కపోతే దొరకలేదని రాయాలి గాని పక్కిల్లు కలపకూడదు. ఆ పదకొండు నమూనాలూ తీసేశారు. తరువాత ఎం.పి.హెచ్. మొదటి సెమిస్టరులో ఎంపికలో వచ్చే పక్షపాతం గురించి పాఠం చెప్పినప్పుడు, తరగతిలో అందరికంటే ముందు తలదించుకున్నవాణ్ని నేనే.

ఇంకొక చిక్కు ఉంది. క్రియాటినిన్, వయసు, స్త్రీపురుష భేదం ఆధారంగా మూత్రపిండాల వడపోత శక్తిని అంచనా వేస్తారు. అది నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా కనీసం మూడు నెలలు కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధి అంటారు, ఎందుకంటే ఎండకు ఒంట్లో నీరు తగ్గినా ఆ ఒక్కరోజు లెక్క పడిపోవచ్చు. కాబట్టి మొదటి పరీక్షలో తేడా కనిపించిన ప్రతి మనిషి దగ్గరకూ మళ్లీ వెళ్లాలి. తీరంలోని మత్స్యకారులైతే ఆలోగా గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వెళ్లిపోతారు. మా పనిలో సగం ఈ రెండో రాకకే సరిపోయింది.

కవిటి మండలంలో ఒక వృద్ధురాలు చెయ్యి చాచడానికి ససేమిరా ఒప్పుకోలేదు. “రగతం తీసుకెల్లిపోనారు బాబూ, కాయితం ఒక్కటీ తిరిగి రానేదు,” అంది. మాకంటే ముందు వచ్చినవారి గురించి ఆ మాట. ఎవరు వచ్చారో, ఎందుకు ఇవ్వలేదో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. కానీ ఆ ఊళ్లో సగం మంది నోట అదే మాట విన్నాం. ఆశా కార్యకర్త సలహాతో, ముందుగా రక్తం ఇచ్చినవారి ఫలితాలను తెలుగులో రాసి, ఒక్కొక్కరి చేతికే ఇచ్చి, క్రియాటినిన్ అంకె ఎక్కువగా ఉన్నవారికి ఎక్కడికి వెళ్లాలో చెప్పడం మొదలుపెట్టాం. రెండు వారాల తరువాత ఆవిడే కబురు పంపింది. పరిశోధన నైతికత అనే పాఠ్యాంశంలో సమ్మతి పత్రం గురించి చాలా చెబుతారు, ఫలితం తిరిగి ఇవ్వడం గురించి ఇంకా ఎక్కువ చెప్పాలని నా అభిప్రాయం.

ఇక చదువు సంగతి. ఎపిడెమియాలజీ (జబ్బు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తోందో జనాభాలో లెక్కగట్టే శాస్త్రం), గణాంకశాస్త్రం, పర్యావరణ ఆరోగ్యం, ఆరోగ్య విధానమూ నిర్వహణా, సామాజిక శాస్త్రాలు, ఈ ఐదూ దాదాపు అన్ని చోట్లా ఉంటాయి. మీ చెల్లెలికి కష్టమనిపించేది గణాంకశాస్త్రమే కావచ్చు, కానీ అసలు పదును కారణాల చర్చలో ఉంటుంది. ఉద్దానంలో ఎండదెబ్బ, నీటిలోని సిలికా, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో అనుమానాలున్నాయి; ఇదే కారణమని ఏదీ తేలలేదు. ఒకేసారి చేసే సర్వేలో జబ్బూ, అలవాటూ పక్కపక్కన కనిపిస్తాయి గాని ఏది ముందు వచ్చిందో తెలియదు. ఒంటినొప్పులకు మాత్రలు మింగి కిడ్నీ పాడైందా, కిడ్నీ పాడై ఒళ్లు నొప్పులు వచ్చి మాత్రలు మింగారా? ఇది తేలాలంటే ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి వెంబడించి చూడాలి.

అయితే కారణం తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోవడమూ ప్రజారోగ్యం కాదు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపులతో ఉద్దానానికి తెచ్చారు, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. బోరు నీరే కారణమని రుజువు కాకపోయినా మంచినీరు ఇవ్వడం సరైన పనే. కాని దానివల్ల కొత్త కేసులు తగ్గాయా అన్నది పాత లెక్కా, కొత్త లెక్కా ఒకే పద్ధతిలో తీస్తేనే చెప్పగలం, అదీ ఏళ్లు గడిచాక. అటువంటి పనికి మనుషులను తయారుచేయడం కోసమే ఈ విభాగాలు ఉన్నాయి.

ఈ చదువు కొత్తదేమీ కాదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం 1916లోనే దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టింది, కోల్‌కతాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థ 1932 నాటిది. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రంలో 1997 నుంచి ఎం.పి.హెచ్. ఉంది, మనకు దగ్గరలో హైదరాబాదులోనూ చదువుకోవచ్చు. కోర్సు సాధారణంగా రెండేళ్లు, నర్సింగ్ డిగ్రీ చాలాచోట్ల సరిపోతుంది. దీనితో వైద్యం చేసే హక్కు రాదని ఇంట్లో పెద్దలకు ముందే చెప్పండి. జిల్లా ఎపిడెమియాలజిస్టు వంటి ప్రభుత్వ ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలోనే ఉంటాయి, మిగిలినవి పరిశోధన ప్రాజెక్టులు, స్వచ్ఛంద సంస్థలు. ఆసుపత్రి నర్సుకు ఉండే స్థిరత్వం మొదటి అయిదేళ్లలో ఉండకపోవచ్చు.

కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాల సంగతి అడగకండి. విద్యార్థులు ఎన్ని వారాలు ఊళ్లలో ఉంటారు, వెంట అధ్యాపకులు వస్తారా, సేకరించిన ఫలితాలను ఆ ఊరికి తిరిగి ఎలా చెబుతారు అని అడగండి. మీ చెల్లెలు నర్సు కాబట్టి రక్తం తీయడం ఆమెకు వచ్చు, మాలో చాలామందికి అది కూడా రాదు.