డవ్‌టెయిల్ కోసే ముందు స్కేలు దాచిపెట్టండి

చేత్తో కోసిన మొదటి డవ్‌టెయిల్ (రెండు చెక్కల కొసలను పావురం తోక ఆకారపు పళ్లతో కలిపే అతుకు) మూలలో అగ్గిపుల్ల దూరేంత సందులు వచ్చాయని, జపాన్ రంపం కొనుక్కోవాలా, లేక చెక్కను తొలిచే కరెంటు పనిముట్టు రూటరూ, దానికి దారి చూపే అచ్చు జిగ్గూ కొనుక్కోవాలా అని మీరు అడిగారు. నన్నడిగితే రెండూ కొనవద్దు. బల్ల మీద ఉన్న స్టీలు స్కేలును తీసి ఇంట్లో చదువుకునే పిల్లలకు ఇచ్చేయండి. ఈ మాట అనడానికి నాకు అర్హత ఉందనే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు చేసిన తప్పును మీకంటే శాస్త్రీయంగా చేసినవాణ్ణి నేను.

ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి, పదవీ విరమణ తరువాత ఉలి పట్టాను. మా నాన్నగారి టేకు రాతబల్ల సొరుగు మూల ఊడిపోతే, బాగుచేయించడానికి తీసుకువెళ్లిన ప్రతిచోటా మేకులు కొట్టి ఇస్తామన్నారు, లేదంటే ప్లైవుడ్‌తో కొత్తది చేసి పైన మైకా అతికిస్తామన్నారు. ఇంటికి తెచ్చి వెలుతురులో పెట్టి చూస్తే, సొరుగు పక్క చెక్క మీద, తోకలు (కొస వైపు విచ్చుకున్నట్లు కోసే పళ్లు) మొదలయ్యే చోట, అడ్డంగా సూదితో గీసినంత సన్నటి గీత ఒకటి కనిపించింది. ఆ పని చేసిన వడ్రంగి కోతకు హద్దుగా గీసుకున్న గీత అది. దాన్ని చిత్రిక పట్టి చెరిపేయాలని కూడా ఆయనకు అనిపించలేదు. ఈ పని నేనే నేర్చుకోవాలన్న పట్టుదల నాకు ఆ గీతను చూసే కలిగింది.

సాధనకు చెక్క దొరకడమే ఒక ప్రహసనం. అడితిలో రెండడుగుల ముక్క అడిగితే, దూలమో గుమ్మమో కొననివాడితో మాట్లాడడం ఎందుకన్నట్లు చూశారు. చివరకు ప్యాకింగ్ పెట్టెలు విప్పిన పైన్ చెక్క తెచ్చుకున్నాను. మెత్తటి చెక్క కనుక కొత్తవారికి సులువని అందరూ చెబుతారు గానీ, ఉలికి పదును లేకపోతే పైన్ తెగకుండా నలిగి, పీచు పీచుగా ఊడివస్తుంది. టేకులో ఉండే సిలికా ఉలి పదునును త్వరగా తినేస్తుందన్నది నిజమే అయినా, పదునున్నంత సేపు కోత ఎంత శుభ్రంగా వస్తుందో చూసిన తరువాత పైన్ మీద నాకు గౌరవం పోయింది.

ఇక అసలు సంగతి. వంద మిల్లీమీటర్ల వెడల్పు, పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు ముక్కలు తీసుకుని, మూడు తోకలు వచ్చేట్లు ముందు గ్రాఫు కాగితం మీద గీశాను. మెత్తటి చెక్కకు తోకల అంచు వాలు ఆరుకు ఒకటి, గట్టి చెక్కకు ఎనిమిదికి ఒకటి అన్నది వాడుకలో ఉన్న లెక్క; ఆరుకు ఒకటి అంటే 9.46 డిగ్రీలని తేల్చి, అర డిగ్రీ కూడా సరిగ్గా చూపించని కోణమానినితో ఆ కోణాన్ని చెక్క మీదికి దించానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. తోకల చెక్కను కొలిచి గీశాను, ఆ తోకల సందుల్లో దూరే పళ్లు, అంటే పిన్నులు, ఉండే చెక్కను విడిగా మళ్లీ కొలిచి గీశాను, నాలుగు గంటలు కోశాను. రెండింటినీ కలిపి కొయ్య సుత్తితో తట్టితే ఒక వైపు అసలు దిగనే లేదు. కాస్త గట్టిగా కొడితే చివరి పిన్ను పీచు వెంట నిలువునా చీలింది. రెండో వైపున మాత్రం పోస్టుకార్డు సునాయాసంగా దూరింది.

పక్కింటి గుమ్మం సరిచేయడానికి వచ్చిన ఆచారి గారు ఒకరు గోడ అవతలి నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నారు. లోపలికి వచ్చి ముక్కను అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, తోకలు కోసేశాక ఇంకా స్కేలెందుకండీ? కోసిన చెక్కనే తీసుకెళ్లి రెండోదాని కొస మీద పడుకోబెట్టి చుట్టూ గీసుకోండి. ఇది ఎంత వంకరగా ఉంటే అదీ అంత వంకరగానే వస్తుంది, రెండూ సరిపోతాయి" అన్నారు. ముప్పై ఏళ్లు కొలతలు నేర్పినవాడికి కొలవడం మానమని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

లెక్కగా చూసినా ఆయన మాటే నిలుస్తుంది. మూడు తోకలకు ఏటవాలు ముఖాలు ఆరు, వాటికి ఎదురు నిలిచే పిన్నుల ముఖాలు ఆరు. రెంటినీ విడివిడిగా కొలిస్తే పన్నెండు చోట్ల పొరపాటుకు తావిచ్చినట్లే. తోకలనే అచ్చుగా పెట్టి గీస్తే మొదటి ఆరు పొరపాట్లూ రెండో చెక్కలోకి యథాతథంగా దిగి, లెక్కలోంచి తొలగిపోతాయి. ఒక్క విషయంలో మాత్రం వంకర పనికిరాదు. తోకల మధ్య రంపం దించేటప్పుడు చెక్క మందం వెంట కోత మూలమట్టానికి నిటారుగా ఉండాలి, ఎందుకంటే మనం అచ్చు తీసేది ఒక్క ముఖం నుంచే, వెనక ముఖం ఎటు పోయిందో ఆ గీతకు తెలియదు. వాలు ఏడు డిగ్రీలా తొమ్మిదా అని ఇంటర్నెట్‌లో జరిగే వాదోపవాదాలకు పెట్టే సమయంలో పదో వంతు ఈ నిటారు కోత సాధనకు పెడితే చాలు. ఈజిప్టు సమాధులలో దొరికిన ప్రాచీన సామానులోనూ ఈ అతుకు ఉంది, అది చేసినవారు ఏ జిగ్గు కొన్నారో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

రెండో ప్రయత్నంలో పెన్సిలు కూడా మానేసి చాకు మొనతో గీశాను. ఆ గాటులో ఉలి అంచు తనంతట తానే కూర్చుంటుంది. పారేయవలసిన ప్రతి భాగం మీదా ఇంటూ గుర్తు పెట్టి, గీత మిగిలేలా ఆ గుర్తున్న వైపే రంపం పెట్టాను. అయినా ఒక పిన్ను దగ్గర మాట్లాడుతూ గీతకు అవతలి పక్కన కోసేశాను. అక్కడ వచ్చిన సందులో అదే చెక్క నుంచి తీసిన సన్నటి పేడును పీచు వాటం కలిసేలా ఫెవికాల్ పూసి దిగగొడితే, దగ్గరికి వచ్చి చూస్తే తప్ప తెలియడం లేదు. రంపపు పొట్టు, జిగురు కలిపి మెత్తమని మీకు ఎవరైనా చెబుతారు. అది ఆరిన తరువాత నల్లటి మచ్చలా మిగిలిపోతుంది.

కనుక మీ దగ్గరున్న రంపంతోనే మరో మూల కోయండి. కోతకు హద్దు చూపే అడ్డగీత కోసం చెక్క మందాన్ని కూడా స్కేలుతో చూడకుండా, రెండో చెక్కనే మార్కింగ్ గేజ్‌కు (అంచు నుంచి ఒకే దూరంలో గీత గీసే పనిముట్టు) ఆనించి బిగించుకోండి. నేను ఇప్పటికి ఏడు మూలలు కోశాను. నాన్నగారి సొరుగును ముట్టుకునే ధైర్యం ఇంకా రాలేదు, అది మంచం కింద గోనెసంచిలో ఉంది.